నలభై దాటాక టూ ప్లస్ టూ

కోపం గురించి రాస్తే కోపం చల్లారుతుందంటారు. అబద్ధం. ఇది రాస్తున్నంతసేపూ నా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి.

నేను లెక్కల టీచర్ని. విజయనగరంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో చాలా ఏళ్ళపాటు పదో తరగతికి లెక్కలు చెప్పాను. పదో తరగతి అంటే స్టాఫ్ రూములో అందరికీ గుండె దడ. నాకు మాత్రం పండగ. త్రికోణమితి మొదలుపెట్టే రోజున పొద్దున్నే తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళేదాన్ని. మా ఆయన "ఏటి, ఈరోజు సైన్ తీటా గారి పెళ్ళా?" అని ఏడిపించేవారు. ఆ క్లాసు నా చేతుల్లోంచి ఎలా లాక్కున్నారో చెప్పడానికే ఈ రాతంతా.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. కాస్త పల్లం, కాస్త మెట్ట. వరి, చోళ్ళు, నువ్వులు పండించేవాళ్ళం. డిగ్రీ దాకా తెలుగులోనే చదివాను. ఎమ్మెస్సీ ఇంగ్లీషులో రాసి ఫస్టు క్లాసులో పాసయ్యాను. రాయడానికి నాకెప్పుడూ ఇబ్బంది లేదు. లెక్కల్లో ఇంగ్లీషు ఎంతని, పిడికెడు మాటలు. క్లాసులో బోర్డు మీద ఇంగ్లీషు రాసేదాన్ని, నోటితో తెలుగులో చెప్పేదాన్ని. పిల్లలు చెవులతో తెలుగు విని చేతులతో ఇంగ్లీషు రాసేవారు. మార్కులు వచ్చేవి. నాలాంటి టీచర్లు ఈ జిల్లాల్లో చాలామంది ఇలాగే నెట్టుకొస్తున్నారు. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

నా క్లాసు పోయిన ఏడాదే ఊరి చివర కొత్త స్కూలొకటి లేచింది. అద్దాల బిల్డింగు, పసుపురంగు ఏసీ బస్సులు. మా కరస్పాండెంటుగారికి నిద్ర పట్టడం మానేసింది. స్కూలు పెట్టకముందు నుంచీ వాళ్ళ కుటుంబానిది పాతబజార్లో ధాన్యం, అపరాల హోల్‌సేలు వ్యాపారం. మనిషి చెడ్డవాడని చెప్పను. జీతం ఎప్పుడూ ఆపలేదు. కానీ ఎదుటి కొట్లో జనం కనిపిస్తే తన కొట్లో బోర్డు మార్చెయ్యాలన్న వ్యాపారి కంగారు ఆయనది. వారం తిరిగేలోగా గేటు దగ్గర ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదని బోర్డు వేలాడింది.

పదో తరగతి లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. ఆ పుస్తకం వేసినవాడెవడో గానీ బుర్ర ఉన్నవాడు. మా స్కూలువాళ్ళు పిల్లలందరిచేతా తెలుగు పేజీల మీద తెల్లకాగితం అంటింపజేశారు. ఆ కాగితం మీద రఫ్ వర్క్ చేసుకోమన్నారు. పిల్లలు గోటితో కాగితం అంచు లేపి, కింద తెలుగులో ఏముందో తొంగిచూసి మళ్ళీ నొక్కేసేవారు. లెక్కల పుస్తకాన్ని అలా దొంగచాటుగా చూడాల్సిన గతి పిల్లలకి పట్టిందని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

పిల్లలకి కాగితాలు, మాకు ట్రైనింగు. సాయంత్రం బడి వదిలాక లెక్కల టీచర్లమంతా ఉండిపోవాలి. విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. మా పెద్దపాప వయసుంటుంది. మొదటిరోజు మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కర్నీ లేపి, బేసిక్ మ్యాథ్స్ ఇంగ్లీషులో మాట్లాడించింది. నా వంతు వచ్చింది. లేచాను.

"టూ ప్లస్ టూ ఈజ్ ఈక్వల్ టు ఫోర్. ఫుల్ సెంటెన్స్ చెప్పండి మేడమ్."

చెప్పాను.

"వెరీ గుడ్! అందరూ క్లాప్స్!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎమ్మెస్సీ చదివి, నలభై దాటి, జుట్టుకి రంగు వేసుకుంటున్నదాన్ని. రెండూ రెండూ నాలుగన్నందుకు నాకు చప్పట్లు! ఆ చప్పట్ల మధ్య నిలబడి ఉంటే తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి గిన్నెలన్నీ దడదడా తోముతుంటే మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి, వెనక్కి వెళ్ళిపోయారు.

అయినా నేర్చుకున్నాను. పదో తరగతి ఉంచుకోవాలంటే నేర్చుకోవాలి, అంతే. ఇంగ్లీషు రానివాళ్ళకి పెద్ద క్లాసులు ఇచ్చేది లేదని కరస్పాండెంటుగారు మీటింగులోనే చెప్పేశారు. అందుకని కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ అప్పజెప్పుకున్నాను. స్కూటీ నడుపుతూ హెల్మెట్లో గొణుక్కున్నాను. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు "సెవెన్టీన్ మైనస్ నైన్" అని గట్టిగా అనేశాను కాబోలు, పక్క ఆటోలో ముసలమ్మ "ఏటమ్మా, ఎవులితో మాటాడతన్నావు?" అని అడిగింది. ఏం చెప్పను? నాతోనే మాట్లాడుకుంటున్నానంటే పిచ్చిదాన్ననుకుంటుంది. లెక్కల టీచర్నంటే నమ్మదు.

వచ్చిన చిక్కు మాటలతో కాదు. నా తలకాయలో అంకెలు తెలుగులో పుట్టాయి. ఏడెనిమిదులు అనగానే యాభై ఆరు దానంతటదే వచ్చేస్తుంది. చిన్నప్పుడు మా బళ్ళో అరుగు మీద వరసగా కూర్చుని ఊగుతూ ఎక్కాలు చదివిన పాట అది. ఇంగ్లీషులో చెప్పాలంటే ముందు ఆ పాటని లోపలే పాడుకుని, జవాబు పట్టుకుని, దాన్ని బయటికి మోసుకురావాలి. బుర్ర పరిగెత్తుకెళ్ళి గట్టు మీద కూర్చుంటుంది. నోరు దమ్ము చేసిన బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెనక వస్తుంది. ఆ సందులో ఎదుటివాళ్ళు నాకు లెక్క రాదనుకుంటారు. లెక్క రాక కాదురా నాయనా, మాట రాక! ఈ రెండింటికీ తేడా తెలియని మనుషుల మధ్య ఉద్యోగం చెయ్యడమంత నరకం మరొకటి లేదు.

ఆ ట్రైనింగు అమ్మాయి కూడా అంతే. వెళ్ళేముందు రోజూ పంచిపెట్టిన మార్కర్లు తిరిగి లెక్కపెట్టుకునేది. పెదాలు మెల్లగా కదిలేవి. నేను కళ్ళారా చూశాను, తెలుగులోనే లెక్కపెట్టుకునేది. అడిగేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. పాపం, దానిదీ ఉద్యోగమే కదా అని ఊరుకున్నాను.

దసరా సెలవులు దగ్గరపడుతుండగా పేరెంట్సుని పిలిచి ఓపెన్ డే అని పెట్టారు. ప్రతి టీచరూ చిన్నపిల్లలతో ఒక యాక్టివిటీ ఇంగ్లీషులో చేసి చూపించాలి. ఎవరికి పెద్ద క్లాసులు ఉంటాయో, ఎవరికి పోతాయో ఆ రోజే తేలుతుందని మాకందరికీ తెలుసు. నాకు కొలతలు ఇచ్చారు. ఒక బకెట్టు నిండా బియ్యం, దానికన్నా చిన్న ఖాళీ డ్రమ్ము, స్టీలు గ్లాసు. డ్రమ్ములో ఎన్ని గ్లాసులు పడతాయో ఒకటో తరగతి పిల్లలచేత లెక్కపెట్టించాలి. ఇంతకంటే తేలికది ఇంకోటి లేదు. రాత్రంతా అప్పజెప్పుకుని వెళ్ళాను.

స్టేజి మీద చుట్టూ పిల్లలు, ఎదురుగా కుర్చీల్లో తల్లులూ తండ్రులూ, ముందు వరసలో కరస్పాండెంటుగారు. అందరి ఫోన్లూ లేచాయి. గ్లాసు బియ్యంలో ముంచి, నిండుగా తీసి, డ్రమ్ములో పోశాను.

పోశాను గానీ నోట్లోంచి వన్ రాలేదు.

మా వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా వెళుతుంది లెక్క. కళ్లంలో మా నాన్న కుంచంతో కొలుస్తుంటే పక్కన నిలబడి లెక్క పట్టుకోవడం నా పని. చిన్నప్పుడు ఒకసారి బడి చదువు గొప్ప చూపించాలని "ఒకటి" అని అరిచాను. మా నాన్న కుంచం కింద పెట్టి, "ఒలే, గింజ దగ్గర ఆ మాటనకు. లాభమను" అని, పోసిన ధాన్యం మళ్ళీ రాశిలోకి ఎత్తి, మొదట్నుంచి కొలిచాడు. కోప్పడలేదు, కొట్టలేదు. కానీ ఆ రోజు నుంచి గింజల్లో గిన్నె ముంచితే నా నోటికి ఒకటి రాదు. ఈరోజుకీ వంటకి బియ్యం పోస్తూ మొదటి డబ్బాకి లాభమనే అనుకుంటాను. సుద్దముక్కలో, పెన్సిళ్ళో ఇచ్చి ఉంటే వన్ అనేసేదాన్ని. బియ్యం ఇచ్చారు.

ఫోన్లన్నీ నా మొహం మీదే ఉన్నాయి. తెలుగు అనకూడదు. ఒకటి అనలేను. "ప్రాఫిట్" అన్నాను.

పిల్లలు బంగారాలు. టీచరు ఏమంటే అదే అనాలని నేర్పాం కదా, గొంతులు చించుకుని "ప్రాఫిట్!" అని అరిచారు. రెండో గ్లాసు పోశాను. "టూ!" అన్నారు. మూడోదానికి "త్రీ!" అన్నారు.

ముందు ట్రైనింగు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముందు వరసల్లో నవ్వు మొదలై హాలంతా పాకింది. వెనక కూర్చున్న పల్లెటూరి తాతలు, మామ్మలు కొందరు మాత్రం ఎందుకు నవ్వుతున్నారో తెలియక అటూ ఇటూ చూశారు. వాళ్ళకి నేనన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. అందరికన్నా గట్టిగా, కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వినవాడు మా కరస్పాండెంటుగారు.

ఇదీ నేను క్షమించలేనిది. ఆ ట్రైనింగు పిల్లకి తెలియదు, నవ్వింది. పట్నం తల్లులకి తెలియదు, నవ్వారు. ఈయన తాతల నాటి నుంచీ గింజలమ్ముకు బతికిన ఇంటి మనిషి. పాతబజార్లో ఆయన కొట్టు ముందు నుంచి నేను పొద్దున్నే స్కూటీ మీద వెళ్తుంటాను. వాళ్ళ కొట్లో గింజలు కొలిచే కొలగారి రోజు బేరం మొదలుపెడుతూ "లాభం" అని కేకవెయ్యడం ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట నోట పలక్కుండా ఆ కొట్టు తలుపు తెరుచుకోదు. ఆ లాభంతోనే ఈ స్కూలు కట్టాడు. ఆయనకి తెలుసు. తెలిసే, పక్కన కూర్చున్న పేరెంట్సు నవ్వుతున్నారని తనూ నవ్వాడు. ఆ గ్లాసు బియ్యం ఎత్తి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టకుండా "ఫోర్" అని, "ఫైవ్" అని, డ్రమ్ము నిండేదాకా కొలిచి దిగాను.

వీడియో సాయంత్రానికి స్కూలు గ్రూపులో తిరిగింది. సోమవారం ఆయన నన్ను గదిలోకి పిలిచారు.

"మేడమ్, మీరు మరోలాగ అనుకోకండి. మీ సబ్జెక్టుకి వంక పెట్టేవోడు ఈ ఊళ్ళో లేడు. కానీ పేరెంట్సు ఏటంటన్నారో తెలుసా? పెద్ద క్లాసుకి ఫ్లూయెన్సీ ఉన్న సారుండాల అంటన్నారు."

"సార్, మీ కొట్లో మొదటి కొలతకి ఏమంటారు?" అన్నాను.

ఆయన బల్ల మీద పేపరు వెయిటు అటూ ఇటూ జరిపారు. "కొట్టు యవ్వారం వేరు, స్కూలు యవ్వారం వేరు మేడమ్" అన్నారు. అంతే. పదో తరగతి పోయింది. మూడో తరగతి ఇచ్చారు.

పదో తరగతికి కొత్త సారు వచ్చారు. కుర్రాడు, మర్యాదస్తుడు, ఇంగ్లీషు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. ఆయన పాఠం చెబుతుంటే వరండాలో నడిచే పేరెంట్సు ఆగి విని మురిసిపోయేవారు. లోపల పిల్లలు బొమ్మల్లా కూర్చునేవారు. పక్క గదిలో మూడో తరగతికి తీసివేతలు చెబుతూ ఆ నిశ్శబ్దం వినేదాన్ని. నా క్లాసు ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా ఉండేది కాదు. నాకు అనుమానాలు, అరుపులు, "అదెలా మేడం?" అన్న గోల కావాలి. అడగడానికి ఇంగ్లీషు రాని పిల్లలకి అనుమానాలే లేవని ఆ సారు అనుకున్నాడు. నా నోరు తడబడితే ఎదుటివాళ్ళు నాకు లెక్క రాదనుకున్నట్టే.

తర్వాతి పరీక్షలో సగం క్లాసు కూలబడింది. కరస్పాండెంటుగారు మళ్ళీ పిలిచారు. ఈసారి టీ తెప్పించారు.

"సాయంత్రం ఓ గంట మీరు డౌట్లు సెప్పండి మేడమ్. మీ పద్ధతిలోనే సెప్పండి. తెలుగులో అయినా పరవాలేదు. కాకపోతే వెనక గదిలో, తలుపేసుకుని. పేరెంట్సు సెవిన పడకూడదు. టైమ్ టేబుల్లో సారు పేరే ఉంటాది."

ఆ టీ నేను తాగలేదు. నా క్లాసు లాక్కుని, నా పేరు తీసేసి, నా భాషని వెనక గదిలో పెట్టి తలుపెయ్యమంటున్నాడు. పొమ్మని లేచి వచ్చెయ్యాలి. కానీ పబ్లిక్ పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ట్రిపుల్ ఐటీ సీటు మీద ఆశ పెట్టుకున్న పిల్లలున్నారు అందులో. వాళ్ళని చూసి ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూనే అన్నాను, "చెప్తాను సార్. తలుపు మాత్రం వెయ్యను."

ఆయన ఏదో గొణిగారు. నేను వినలేదు.

మొదటిరోజే తలుపు బార్లా తీసి, దానికి ఇటుక అడ్డం పెట్టాను. కావాలనే గొంతు పెంచి చెప్పాను. గేటు దాకా వినపడాలని చెప్పాను. స్తంభం ఎత్తు, దాని నీడ, సూర్యుడున్న కోణం. పిల్లల మొహాలు ఒక్కొక్కటే తేటపడ్డాయి. మళ్ళీ గోల మొదలైంది. "అదెలా మేడం?" అన్న మాట విని నాకు ఏడుపొచ్చినంత పనయింది. సాలూరు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక పిల్ల ఉంది. తండ్రికి లారీ ఉంది, తనే నడుపుకుంటాడు. మాటకారి కాదు గానీ లెక్కలో దిట్ట. కొత్త సారు వచ్చినప్పటి నుంచి నోరు మెదపని ఆ పిల్ల, ఆరోజు బోర్డు దగ్గరికి తనే వచ్చి నీడ గీసి చూపించింది. ఇదే నా గెలుపు అనుకున్నాను. వినండి, అందరూ వినండి, లెక్క ఇలా ఉంటుంది అనుకున్నాను.

కొన్నాళ్ళకి ఆ పిల్ల తండ్రి కూతుర్ని ఊరు తీసుకెళ్ళడానికి వచ్చాడు. లారీ బయట ఆపి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా పాఠం అంతా విన్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. పాఠం ఆపి ఆయన వైపు తిరిగాను.

"మేడంగారూ, ఏటీ అనుకోకండి. ఇంగ్లీసు గావాలనే కదండీ పిల్లనిక్కడ ఏసినాను. తెలుగులో సెప్పించుకోడానికయితే మా ఊళ్ళో బడి లేదేటండి?"

"పరీక్షలో ఇంగ్లీషులోనే రాస్తుందండీ. అర్థం కావడానికి మాత్రమే తెలుగులో..."

"అర్థం రేపైనా అవుతాదండి. ఇంగ్లీసు ఇప్పుడు పట్టకపోతే మరెప్పుడు పడతాది?" ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుకుంటున్నాడు. "లోడు దింపడానికి పై రాస్ట్రాలెల్తానండి. గేటు కాడ కుర్రోడు ఇంగ్లీసులో ఏదో అడుగుతాడు. నాను బుర్రూపుకోని నిలబడతాను. ఆడు నా ఎనకున్నోడితో సెప్పి నవ్వుతాడు. నా పిల్ల అలా నిలబడకూడదండి."

కరస్పాండెంటుకి చెప్పడానికి దాచుకున్న మాటలేవీ ఇక్కడ పనికిరావు. ఈయన మీద అరవలేను. ఈయన్ని చూసి నవ్వినవాళ్ళే నన్నూ చూసి నవ్వారు. ఆయన దణ్ణం పెట్టి, చెప్పులు తొడుక్కుని, "అయ్యాక రా అమ్మా, లారీ కాడుంటాను" అని కూతురికి చెప్పి వెళ్ళిపోయాడు.

పిల్లలు తలలు వంచుకుని పుస్తకాలకేసి చూస్తున్నారు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చేతిలో సుద్దముక్కని నలిపి పొడి చేసేశాను.

అప్పుడా పిల్ల లేచింది. తండ్రి వెనక వెళ్ళిపోతుందనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి, వంగి ఇటుక పక్కకి జరిపి, తలుపు మూసి గడియ పెట్టింది. తిరిగొచ్చి తన చోటులో కూర్చుంది.

"మెల్లగా సెప్పండి మేడం," అంది. "మాకు ఇనిపిస్తాది."

ఇంకో సుద్దముక్క తీసుకున్నాను. పరాయి ఇంట్లోకి దొంగతనానికి వచ్చినదానిలా గొంతు తగ్గించుకుని, స్తంభమూ దాని నీడా మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.